నర్సు పక్కన ఉండే చిన్న మాట: ప్రాక్టికల్ నర్సుల లైసెన్సు కథ

మన ఎపిసోడ్లకు వచ్చే వాయిస్ మెసేజీల్లో ఒక ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంటది. "అన్నా, మా చెల్లె ఏఎన్ఎం చేసింది. ఇక్కడికి నర్సు కింద వస్తదా?" అని ఒకరు. "మా ఆవిడ జీఎన్ఎం, మరదలు ఏఎన్ఎం. ఇద్దరూ నర్సులే గదండీ, ఏజెంటు ఇద్దరికీ వేర్వేరు మాటలు చెప్తున్నాడేంటి?" అని ఇంకొకరు.

అవును, కాదు అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆ జవాబు వెనక 130 ఏళ్ల కథ ఉంది. అది తెలిస్తే ఏజెంటు మాటలో ఎంత నిజమో మీకే తెలుస్తది. అందుకే ఈసారి ఎపిసోడు మొత్తం దాని మీదే చేశాం. మాట్లాడినప్పుడు తొందరలో దాటేసిన సంగతులు కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

నేను ఆసుపత్రి మనిషిని కాదు. ఐటీఐ చేసి, సైట్ మీద పని చేయించే సూపర్‌వైజర్ని. కానీ లైసెన్సు అంటే ఏందో సైటు నాకు బాగానే నేర్పింది. క్రేన్ నడపడం వచ్చినవాడు వేరు, క్రేన్ కార్డు ఉన్నవాడు వేరు. పని ఇద్దరికీ వస్తది. గేటు దగ్గర మాత్రం ఒక్కడినే లోపలికి పంపిస్తారు. ఇంకో దేశానికి పోతే ఆ కార్డు కూడా చెల్లకపోవచ్చు. నర్సుల కథ కూడా సరిగ్గా ఇదే.

పనికి పేరు లేని రోజులు

అమెరికాలో 1873కు ముందు నర్సు అంటే చదువుకున్న మనిషి అని అర్థం కాదు. ఇంట్లో ఎవరికన్నా జబ్బు చేస్తే తల్లో, అక్కో, పక్కింటి ముసలమ్మో చూసేది. డబ్బున్నవాళ్లు ఎవరినన్నా కూలికి పెట్టుకునేవాళ్లు. బాలింతలకు, జ్వరాలకు, మంచాన పడ్డవాళ్లకు సేవ చేసి చేసి పని నేర్చుకున్న ఆడవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉండేవాళ్లు. మన ఊళ్లలో మంత్రసాని ఎట్లనో అట్ల. చేసి నేర్చుకున్నారు కాబట్టి వాళ్లకు ప్రాక్టికల్ నర్సు అనే పేరు పడింది.

1873లో ఫ్లోరెన్స్ నైటింగేల్ పద్ధతిలో మూడు నర్సింగ్ స్కూళ్లు తెరిచారు. న్యూయార్క్‌లో బెల్‌వ్యూ ఆసుపత్రి దగ్గర ఒకటి, న్యూ హేవెన్‌లో ఒకటి, బోస్టన్‌లో ఒకటి. అక్కడి నుంచి నర్సుల్లో రెండు రకాలు మొదలయ్యాయి. స్కూలు నుంచి వచ్చిన ట్రెయిన్డ్ నర్సు, పని నుంచి వచ్చిన ప్రాక్టికల్ నర్సు. ట్రెయిన్డ్ నర్సులు చదువు అయ్యాక ఎక్కువమంది ఆసుపత్రుల్లో కాదు, ఇళ్లలోనే పని చేసేవాళ్లు. వాళ్ల ఫీజు మామూలు కుటుంబాలకు అందేది కాదు. ఫ్యాక్టరీ కూలీ ఇంట్లో పక్షవాతం వచ్చిన తండ్రిని చూడటానికి ప్రాక్టికల్ నర్సే దిక్కు.

ఈ అవసరం చూసి 1892–93 ప్రాంతంలో న్యూయార్క్‌లో వైడబ్ల్యూసీఏ ఒక చిన్న కోర్సు పెట్టింది. తర్వాత దానికి బల్లార్డ్ స్కూల్ అని పేరొచ్చింది. మూడు నెలల కోర్సు. పసిపిల్లల్ని, ముసలివాళ్లని, మంచాన పడ్డవాళ్లని ఇంటి దగ్గర చూసుకోవడం నేర్పేవాళ్లు. పేషెంటుకు స్నానం చేయించడం, పక్క మార్చడం, పథ్యం వండటం, ఇల్లు శుభ్రంగా ఉంచడం లాంటివి. ఇప్పుడు గల్ఫ్ ఇళ్లలో మన ఆడవాళ్లు చేసే పనికి ఇది ఎంత దగ్గరో చూడండి.

1907లో వెర్మాంట్ రాష్ట్రంలోని బ్రాటిల్‌బొరో ఊళ్లో థాంప్సన్ స్కూల్ వచ్చింది. దాని వెనక డబ్బు కథ నాకు బాగా నచ్చింది. థామస్ థాంప్సన్ అనే ధనవంతుడు చనిపోతూ తన ఆస్తి చొక్కాలు కుట్టి బతికే పేద ఆడవాళ్ల కోసం రాసిపోయాడు. రోజంతా సూదితో కుట్టినా పొట్ట నిండని మనుషులు వాళ్లు. ఆ సొమ్ములోంచే, ఆడవాళ్లకు ఇంకాస్త మంచి బతుకుతెరువు దొరికేట్టు, ఊరి జనానికి అందుబాటులో నర్సు ఉండేట్టు ఈ స్కూల్ పుట్టింది. ప్రాక్టికల్ నర్సింగ్‌కు పునాది వేసింది డాక్టర్లు కాదు. పేద ఆడవాళ్లకు కూలి దొరకాలన్న ఆలోచనే దానికి పునాది.

పేరుకు తాళం, పనికి తాళం

స్కూళ్లు పెరిగాయి గానీ చట్టం లేదు. ఎవరైనా తెల్ల బట్ట కట్టుకుని నర్సునని చెప్పుకోవచ్చు. ఆరు వారాలు చదివినా, మూడేళ్లు చదివినా పిలుపు ఒక్కటే. దీని మీద ట్రెయిన్డ్ నర్సులు పోరాడితే 1903లో నార్త్ కరోలినా రాష్ట్రం మొదటి రిజిస్ట్రేషన్ చట్టం చేసింది. అదే ఏడాది న్యూజెర్సీ, న్యూయార్క్, వర్జీనియా కూడా చేశాయి. రిజిస్టర్డ్ నర్సు, అంటే ఆర్ఎన్ అనే మాట ఈ చట్టాలతో వచ్చింది. ప్రాక్టికల్ నర్సులకు 1914లో మిసిసిపీ రాష్ట్రం మొదటి లైసెన్సు చట్టం చేసింది.

ఇక్కడ ఒక కిటుకు ఉంది, జాగ్రత్తగా వినండి. ఆ పాత చట్టాల్లో చాలావరకు తాళం వేసింది పేరుకే, పనికి కాదు. లైసెన్సు లేకుండా ఆ పేరు పెట్టుకోవద్దు అని మాత్రమే ఉండేది. పేరు చెప్పుకోకుండా పని చేసుకుంటే అడిగేవాడు లేడు. మన భాషలో చెప్పాలంటే, కార్డు లేనివాడు నేను క్రేన్ ఆపరేటర్ని అని బోర్డు పెట్టుకోవద్దు, కానీ క్రేన్ ఎక్కి నడిపితే ఫరవాలేదు అన్నట్టు. ఇట్లాంటి కార్డు వల్ల పేషెంటుకు రక్షణ లేదు, కార్డు ఉన్నవాళ్ల కూలికీ రక్షణ లేదు.

పనికి కూడా తాళం వేసిన మొదటి రాష్ట్రం న్యూయార్క్. 1938లో చేసిన చట్టంలో డబ్బు తీసుకుని నర్సింగ్ చేసేవాళ్లు ఎవరైనా రిజిస్టర్డ్ నర్సో, లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్సో అయి ఉండాలన్నారు. రెండు రకాలు, రెండు లైసెన్సులు, మధ్యలో మూడోది లేదు. కానీ అంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. నర్సులు చాలక అమలు వాయిదా పడుతూ పోయింది.

చట్టం వచ్చినప్పుడల్లా ఒక చిక్కు వచ్చేది. ఇరవై ఏళ్లుగా పని చేస్తున్న మనిషి సంగతేంది? ఆమెకు స్కూలు కాగితం లేదు. చాలా రాష్ట్రాలు దీనికి ఒక దారి తీశాయి. ఫలానా తేదీలోపు దరఖాస్తు పెట్టుకుని, అనుభవం రుజువు చేసుకుంటే పరీక్ష లేకుండానే లైసెన్సు ఇచ్చేవాళ్లు. దాన్ని వేవర్ లైసెన్సు అనేవాళ్లు. మంచి దారే. కానీ ఆ తేదీ తెలియనివాళ్లు, కాగితం రాయడం రానివాళ్లు, సాక్ష్యం చెప్పే డాక్టరు దొరకనివాళ్లు బయటే ఉండిపోయే దారి కూడా అదే. చేతిలో పని ఉండి, కాగితం లేక ఆగిపోయిన మనుషులు మనకు కొత్త కాదు గదా.

యుద్ధం పిలిచింది

1941లో ప్రాక్టికల్ నర్సు స్కూళ్లన్నీ కలిసి ఒక జాతీయ సంఘం పెట్టుకున్నాయి. అదే తర్వాత ఎన్ఏపీఎన్ఈఎస్ అయ్యింది. అదే కాలంలో అమెరికా యుద్ధంలోకి దిగింది. వేలమంది ఆర్ఎన్‌లు సైన్యంతో పోయారు. ఊళ్లో ఆసుపత్రులు నడవాలి. నిన్నటిదాకా ఇళ్లకే పరిమితమైన ప్రాక్టికల్ నర్సుకు ఆసుపత్రి తలుపులు తెరుచుకున్నాయి.

యుద్ధం అయ్యాక ఏరు దాటి తెప్ప తగలేసినట్టు వాళ్లను పంపించేస్తారేమో అనుకోవచ్చు. అట్ల జరగలేదు, జరగడానికి వీలు లేకపోయింది. 1946లో హిల్-బర్టన్ చట్టం కింద కేంద్రం డబ్బు ఇచ్చి దేశమంతా ఆసుపత్రులు కట్టించింది. బిల్డింగులు కట్టడం మనలాంటివాళ్ల పని, అయిపోతది. కట్టాక లోపల మంచాల పక్కన నిలబడే మనుషులు కావాలి. ఆర్ఎన్‌లు చాల్లేదు. అందుకే ప్రాక్టికల్ నర్సు ఉండిపోయింది.

1949లో లిలియన్ కస్టర్ అనే ఆవిడ ముందుండి లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్సుల సొంత సంఘం పెట్టింది. అంతకుముందు సంఘంలో స్కూళ్లు నడిపేవాళ్ల మాట ఎక్కువ. ఇది పని చేసేవాళ్ల సంఘం. 1955 నాటికి అన్ని రాష్ట్రాల్లోనూ ప్రాక్టికల్ నర్సులకు లైసెన్సు చట్టాలు వచ్చేశాయి. 1956లో కేంద్రం వృత్తి విద్యకు ఇచ్చే డబ్బులో ప్రాక్టికల్ నర్సు కోర్సులకు ప్రత్యేకంగా వాటా పెట్టింది. అంటే మన ఐటీఐ లాంటి స్కూళ్లలోనే వెల్డింగ్, కరెంటు పని పక్కన ఈ కోర్సు కూడా వచ్చింది. చాలాచోట్ల ఏడాది కోర్సు. కాలిఫోర్నియా, టెక్సస్ రాష్ట్రాల్లో ఈ నర్సునే ఎల్‌వీఎన్ అంటారు, లైసెన్స్‌డ్ వొకేషనల్ నర్సు అని. మిగతా అన్నిచోట్లా ఎల్‌పీఎన్. పేరు తేడా, పని ఒకటే.

ఆ పని ఏంటి? బీపీ, జ్వరం, నాడి చూడటం. గాయానికి కట్టు మార్చడం. మందులు ఇవ్వడం, ఇంజెక్షన్ చేయడం, మూత్రం గొట్టం వేయడం. పేషెంటులో మార్పు వస్తే పైవాళ్లకు చెప్పడం. ఇవన్నీ ఆర్ఎన్ గానీ డాక్టరు గానీ చెప్పినట్టు, వాళ్ల అజమాయిషీలో చేయాలి. కొత్తగా వచ్చిన పేషెంటును మొదట పూర్తిగా పరీక్షించి, ఎట్లా చూసుకోవాలో ప్లాను రాసేది ఆర్ఎన్ పని. నరంలోకి మందు ఎక్కించే విషయంలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో రూలు.

1950ల్లో కొలంబియా యూనివర్సిటీకి చెందిన ఎలినార్ లాంబర్ట్‌సెన్ టీమ్ నర్సింగ్ అనే పద్ధతి తెచ్చింది. ఒక ఆర్ఎన్ లీడరు, ఆమె కింద ఎల్‌పీఎన్‌లు, వాళ్లతో పాటు ఎయిడ్‌లు. చూస్తే అచ్చం మన గ్యాంగే. ఫోర్‌మన్, మేస్త్రీ, హెల్పర్. గ్యాంగు పద్ధతితో పని జరుగుతది, నిజమే. కానీ గ్యాంగులో మధ్యన ఉన్నవాడి కష్టం మనకు తెలుసు. పని బరువు ఫోర్‌మన్‌తో సమానం, జీతం హెల్పర్‌కు దగ్గర.

1965లో ఆర్ఎన్‌ల సంఘమైన అమెరికన్ నర్సెస్ అసోసియేషన్ ఒక ప్రకటన చేసింది. ఇక మీదట వృత్తి నర్సు కావాలంటే డిగ్రీ ఉండాలి, టెక్నికల్ నర్సుకు రెండేళ్ల కాలేజీ చదువుండాలి, వాళ్ల కింద సహాయకులు ఉంటారు అని. ఆ లెక్కలో ఎల్‌పీఎన్‌కు చోటే లేదు. 1987లో నార్త్ డకోటా రాష్ట్రం ఈ దారిలో ఆర్ఎన్‌కు డిగ్రీ, ఎల్‌పీఎన్‌కు రెండేళ్ల కాలేజీ తప్పనిసరి చేసింది. 2003లో ఆ రూలు ఎత్తేసింది. కాగితం మీద ఎల్‌పీఎన్‌ను తీసేయాలని చూసినవాళ్లు ఉన్నారు. అదే 1965లో మెడికేర్ చట్టం వచ్చి, ముసలివాళ్ల వైద్యానికి ప్రభుత్వం డబ్బు కట్టడం మొదలుపెట్టింది. నర్సింగ్ హోములు పెరిగాయి. అక్కడ రాత్రి షిఫ్టులో మందుల బండి తోసుకుంటూ తిరిగే మనిషి చాలాసార్లు ఎల్‌పీఎన్నే. అవసరం ముందు ప్రకటన నిలబడలేదు.

చార్ల్‌స్టన్: రాష్ట్రం దాటితే చెల్లని కార్డు

ఇప్పుడు ఈ కథలో మనలాంటి వలస మనిషి గురించి చెప్తాను. పేరు మేరీ మౌల్ట్రీ. సౌత్ కరోలినాలోని చార్ల్‌స్టన్‌లో పుట్టిన నల్లజాతి అమ్మాయి. ఉత్తరానికి వలస పోయి న్యూయార్క్‌లో గోల్డ్‌వాటర్ ఆసుపత్రిలో ఎల్‌పీఎన్‌గా పని చేసింది. 1967లో సొంతూరికి తిరిగొచ్చింది. అక్కడి మెడికల్ కాలేజ్ హాస్పిటల్ ఆమె న్యూయార్క్ లైసెన్సును లెక్కలోకి తీసుకోలేదు. నర్సు ఎయిడ్ కింద పెట్టుకుంది. మనిషి అదే, చేతులు అవే. రాష్ట్రం గీత దాటేసరికి నర్సు కాస్తా హెల్పర్ అయ్యింది.

అప్పుడు ఆ ఆసుపత్రిలో కింది స్థాయి పనివాళ్ల కూలి గంటకు 1 డాలరు 30 సెంట్లు. దేశంలో కనీస కూలి 1 డాలరు 60 సెంట్లు. ఆ పనివాళ్లలో దాదాపు అందరూ నల్లజాతి ఆడవాళ్లే. ఎయిడ్‌లు, ఎల్‌పీఎన్‌లు, వంటశాలవాళ్లు, ఊడ్చేవాళ్లు. మౌల్ట్రీ వాళ్లను కూడగట్టింది. యాజమాన్యం 12 మందిని పనిలోంచి తీసేసింది, వాళ్లలో ఆమె ఒకరు. 1969 మార్చి 20న సమ్మె మొదలైంది. రెండు ఆసుపత్రుల్లో కలిపి 400 మందికి పైగా బయటికొచ్చారు. గవర్నరు నేషనల్ గార్డును దింపాడు, ఊళ్లో కర్ఫ్యూ పెట్టారు. ఏడాది కిందటే భర్తను పోగొట్టుకున్న కొరెట్టా స్కాట్ కింగ్ వచ్చి వాళ్లతో కలిసి నడిచింది. దగ్గర దగ్గర వంద రోజులు సాగి, జూన్ చివర్లో రాజీ కుదిరింది. తీసేసినవాళ్లను మళ్లీ పెట్టుకున్నారు. కూలి 1 డాలరు 60 సెంట్లు అయ్యింది. ఫిర్యాదు చెప్పుకోవడానికి ఒక పద్ధతి వచ్చింది. యూనియన్‌ను మాత్రం యాజమాన్యం గుర్తించలేదు.

ఇంకో రాష్ట్రం లైసెన్సు చెల్లకపోవడం ఆ తర్వాత కూడా చాలాకాలం నడిచింది. 2000 నుంచి రాష్ట్రాల మధ్య నర్స్ లైసెన్షర్ కాంపాక్ట్ అనే ఒప్పందం అమల్లోకి వచ్చింది. ఒక రాష్ట్రం లైసెన్సుతో ఒప్పందంలో ఉన్న వేరే రాష్ట్రంలో పని చేయొచ్చు. ఇప్పుడు అందులో 40కి పైగా రాష్ట్రాలు, ప్రాంతాలు ఉన్నాయి. ఆర్ఎన్‌తో పాటు ఎల్‌పీఎన్‌కు కూడా అది వర్తిస్తది. మౌల్ట్రీ అనుభవించిన బాధకు చట్టంలో జవాబు రావడానికి అంత కాలం పట్టింది.

బ్రిటన్‌లో రెండు పుస్తకాలు

బ్రిటన్ కథ ఇంకా సూటిగా మనకు తగులుతది. 1919 చట్టంతో అక్కడ నర్సుల రిజిస్టర్ వచ్చింది. అందులో మొదటి నెంబరు ఎథెల్ గోర్డన్ ఫెన్విక్‌ది. ఆ రిజిస్ట్రేషన్ కోసం దశాబ్దాల పాటు కొట్లాడింది ఆవిడే. 1943లో, యుద్ధం మధ్యలో, ఇంకో చట్టం చేసి రెండో పుస్తకం తెరిచారు. దాని పేరు రోల్. రిజిస్టర్‌లో ఎక్కాలంటే మూడేళ్ల చదువు. రోల్‌లో ఎక్కాలంటే రెండేళ్లు. రోల్‌లో ఉన్నవాళ్లను మొదట అసిస్టెంట్ నర్సు అన్నారు, 1961 నుంచి అసిస్టెంట్ మాట తీసేసి స్టేట్ ఎన్‌రోల్డ్ నర్సు అన్నారు. మొదటి రకానికి ఎస్‌ఆర్‌ఎన్, రెండో రకానికి ఎస్‌ఈఎన్ అని పొట్టి పేర్లు. చదివేటప్పుడు కూడా మొదటి రకంవాళ్లను స్టూడెంట్ అనేవాళ్లు, రెండో రకంవాళ్లను ప్యూపిల్ అనేవాళ్లు.

1948లో వాళ్ల ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్ఎస్ మొదలైంది. నర్సులు చాలక జమైకా, బార్బడోస్, ట్రినిడాడ్ లాంటి కరీబియన్ దీవుల నుంచి అమ్మాయిల్ని పిలిపించుకున్నారు. తర్వాత మారిషస్, మలేసియా నుంచి కూడా. నర్సు చదువు అని చెప్పి తీసుకొచ్చి, చాలామందిని ఎస్‌ఈఎన్ కోర్సులో పెట్టారు. మూడేళ్ల కోర్సుకు తగిన చదువు ఉన్నవాళ్లను కూడా. ఓడ దిగిన అమ్మాయికి రెండు కోర్సుల తేడా ఎవరూ విడమర్చి చెప్పలేదు. నర్సు అనే మాట చూసి సంతకం పెట్టింది.

తేడా తర్వాత తెలిసింది. ఎస్‌ఈఎన్ వార్డు సిస్టర్ కాలేదు. పక్కన నిలబడి నేర్పించిన పిల్ల మూడేళ్లకు తన పైన ఆఫీసరు అయ్యేది. ఇంకా పెద్ద దెబ్బ ఏంటంటే, వాళ్ల సొంత దీవుల్లో ఎస్‌ఈఎన్‌ను నర్సుగా గుర్తించేవాళ్లు కాదు. నాలుగేళ్లు ఉండి, చదువు పట్టుకుని ఇంటికి పోదామని వచ్చిన అమ్మాయి అట్లనే ఉండిపోయింది. కాగితం ఇక్కడ చిన్నది, అక్కడ చెల్లనిది. ఏ దేశంలో కష్టపడ్డా సొంతూరికి తిరిగి పోవాలన్న ఆశతోనే బతికే మనకు ఈ సంగతి వేరే చెప్పాలా.

1980ల చివర్లో ప్రాజెక్ట్ 2000 అనే సంస్కరణ వచ్చింది. ఎన్‌రోల్డ్ నర్సు చదువును మెల్లగా మూసేశారు. ఉన్నవాళ్లు కన్వర్షన్ కోర్సు చేసి పెద్ద రిజిస్టర్‌కు మారాలన్నారు. సీటు దొరికి, సెలవు దొరికి మారినవాళ్లు మారారు. అంతటితో రెండో రకం నర్సు పోయిందనుకున్నారు. 2019లో ఇంగ్లండు నర్సింగ్ అసోసియేట్ అనే పేరుతో రెండేళ్ల చదువు ఉన్న కొత్త రకాన్ని రిజిస్టర్‌లోకి తెచ్చింది. తలుపు మూసి, కిటికీలోంచి మళ్లీ పిలిచినట్టయింది. జీతాలు, అవసరాలు కలిసి ఈ రెండో మెట్టును ప్రతి దేశంలోనూ మళ్లీ మళ్లీ పుట్టిస్తాయి.

మన దగ్గర

మద్రాసు రాజధానిలో 1926లోనే నర్సులు, మిడ్‌వైఫ్‌ల చట్టం వచ్చింది. అప్పుడు ఆంధ్ర జిల్లాలు అందులో భాగమే. అప్పటికే గుంటూరులో అమెరికా నుంచి వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో తెరిచిన ఆసుపత్రి నడుస్తోంది. నర్సు చదువు మన జిల్లాలకు చాలావరకు ఇట్లాంటి మిషన్ ఆసుపత్రుల దారిలోనే వచ్చింది. స్వతంత్రం వచ్చిన ఏడాది, 1947లో, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం చేశారు. దాని స్థానంలో 2023లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది.

ఊళ్లకు సరిపడా నర్సులు లేరని 1950ల మొదట్లో ఏఎన్ఎం కోర్సు పెట్టారు. ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్. ఆగ్జిలరీ అంటే సహాయకురాలు. పేరులోనే ఆ చిన్న మాట ఉంది, చూడండి. మొదట రెండేళ్ల కోర్సు. కాన్పులు చేయడం, తల్లీబిడ్డల్ని చూసుకోవడం ముఖ్యమైన పని. తర్వాత కుటుంబ నియంత్రణ పని వచ్చి మీద పడింది, ఆ తర్వాత టీకాలు. 1973లో కర్తార్ సింగ్ కమిటీ చెప్పాక ఏఎన్ఎంను మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ కింద మార్చారు, కోర్సును ఏడాదిన్నరకు తగ్గించారు. తర్వాత మళ్లీ రెండేళ్లు చేశారు. మైదానంలో 5000 మందికి, ఏజెన్సీలో 3000 మందికి ఒక సబ్‌సెంటరు అని లెక్క. ఎండలో, వానలో ఐస్ డబ్బా భుజాన వేసుకుని టీకాలకు తిరిగే నర్సమ్మ ఆమే. మనలో చాలామందికి మొదటి టీకా వేసిన చెయ్యి ఆమెదే.

పని ఎంత పెద్దదైనా రిజిస్ట్రేషన్ మాత్రం వేరు. జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ చేసినవాళ్లు రిజిస్టర్డ్ నర్సు, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్ కింద నమోదవుతారు. ఏఎన్ఎం చేసినవాళ్లు రిజిస్టర్డ్ ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్ కింద నమోదవుతారు. బ్రిటన్‌లో రిజిస్టర్, రోల్ అని రెండు పుస్తకాలు ఉన్నట్టే, మన దగ్గర రెండు పేర్లు.

ఆ మెసేజీల్లోని ఏజెంటు ఇద్దరికీ రెండు మాటలు చెప్పడానికి కారణం ఇదే. గల్ఫ్‌లో దుబాయ్ హెల్త్ అథారిటీ గానీ, సౌదీ కమిషన్ ఫర్ హెల్త్ స్పెషాలిటీస్ గానీ ముందు సర్టిఫికెట్ ఇచ్చిన చోటికే రాసి కనుక్కుంటాయి, ఆ తర్వాతే లైసెన్సు. జీఎన్ఎం చేసినామె రిజిస్టర్డ్ నర్సు దారిలో ప్రయత్నించొచ్చు. ఏఎన్ఎం చేసినామెకు ఆ దారి లేదు. సహాయక నర్సు రకం ఉన్నచోట, ఆ రకం కిందే చూస్తారు. అమెరికాలో కూడా రెండు పరీక్షలు వేరు. ఆర్ఎన్‌కు ఎన్‌క్లెక్స్-ఆర్ఎన్, ఎల్‌పీఎన్‌కు ఎన్‌క్లెక్స్-పీఎన్. గ్రీన్ కార్డు పని తొందరగా కావడానికి వాళ్లు పెట్టుకున్న షెడ్యూల్ ఏ జాబితాలో ఆర్ఎన్‌లు ఉన్నారు, ఎల్‌పీఎన్‌లు లేరు. కెనడాలో ఇంకో చిక్కు. ఒంటారియోలో ఆర్‌పీఎన్ అంటే రిజిస్టర్డ్ ప్రాక్టికల్ నర్సు. పడమటి రాష్ట్రాల్లో అవే మూడు అక్షరాలకు అర్థం రిజిస్టర్డ్ సైకియాట్రిక్ నర్సు. ఉద్యోగం ప్రకటన చూసి అక్షరాలు నమ్ముకుని డబ్బు కట్టొద్దు.

ఇంకొక్క మాట. 2015 నుంచి గల్ఫ్ లాంటి ఈసీఆర్ దేశాలకు నర్సుల్ని ప్రభుత్వ సంస్థల ద్వారా పంపాలని కేంద్రం నిబంధన పెట్టింది. తెలంగాణకు టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌కు ఓమ్‌క్యాప్ ఉన్నాయి. పాస్‌పోర్టు ఈసీఎన్ఆర్ అయినా, నర్సు కింద పోయేవాళ్లకు క్లియరెన్సు కావాలి. విజిట్ వీసా మీద రమ్మని, వచ్చాక నర్సు పని ఇప్పిస్తానని ఎవరన్నా అంటే ఆ మాట అక్కడితో ఆపేయండి. ఇంటిపని వీసా మీద వచ్చి ముసలాయనకు ఇంజెక్షన్లు చేస్తే, ఏదన్నా జరిగిన రోజు ఆమె వెనక నిలబడే లైసెన్సు ఉండదు. అరబ్బు ఇంటి యజమాని కూడా ఉండడు.

కరీబియన్ అమ్మాయిలకు ఓడ దిగిన రోజు ఎవరూ చెప్పని ప్రశ్నలు ఇవి. మీ చెల్లెకు, మీ ఆవిడకు, మీ కూతురికి కోర్సులో చేరకముందే, ఏజెంటుకు రూపాయి ఇవ్వకముందే అడగమని చెప్పండి. ఈ చదువు అయ్యాక నా పేరు ఏ రిజిస్టర్‌లో, ఏ మాటతో ఎక్కుతది? ఆ మాటతో నేను చేయగలిగే పని ఏది, చేయకూడని పని ఏది? వేరే రాష్ట్రానికి, వేరే దేశానికి పోతే అది చెల్లుతదా? తిరిగి ఇంటికొస్తే చెల్లుతదా? ఇక్కడి నుంచి పై మెట్టు ఎక్కడానికి దారి ఉందా, దానికి ఎన్నేళ్లు, ఎంత ఖర్చు?

ఇక మీదట మాకు మెసేజి పెట్టేవాళ్లు మా చెల్లె నర్సు అని మాత్రమే చెప్పకండి. ఆమె రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చేతిలో పట్టుకుని, పేరు కింద అచ్చయిన మాట ఉన్నది ఉన్నట్టు చదవండి. నెంబరు చెప్పొద్దు, ఫోటో పంపొద్దు, ఆ మాట ఒక్కటి చాలు. సగం జవాబు అందులోనే ఉంటది. మిగతా సగం వచ్చే ఎపిసోడులో, ఏఎన్ఎం చేసినవాళ్లు జీఎన్ఎం వైపు మారే దారి గురించి మాట్లాడుకుందాం.